కంచరపాలెం నుంచి తొట్లకొండ దాకా

విశాఖపట్నంలోని కంచరపాలెం నుంచి కారులో బయలుదేరి భీమిలి వెళ్లే తీరమార్గం పట్టినవారికి దారిలో తగిలే తొట్లకొండ, కళింగాంధ్ర తీరానికి మధ్యధరా ప్రపంచంతో పరోక్షంగానైనా ఉన్న వాణిజ్య సంబంధానికి విలువైన సాక్ష్యం. 1976లో నౌకాదళం జరిపిన గగన సర్వేలో బయటపడిన ఈ కొండపై 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరపగా, పవిత్ర ధాతువులపై కట్టే అర్ధగోళాకార నిర్మాణాలైన స్తూపాలు, బౌద్ధ భిక్షువుల నివాసాలైన విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లతో పాటు శాతవాహన నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా లభించాయి. సర్వం త్యజించిన భిక్షువుల ఆవాసంలో విదేశీ నాణేలు దొరకడం వింత కాదు. ఇటువంటి ఆరామాలకు వర్తకుల దానాలు పెద్ద ఆధారం. అదే దారి చివర భీమిలిలో ఉన్న డచ్చివారి సమాధులు ఈ తీర వాణిజ్యపు మలిదశకు గుర్తులు.