జీవితచరిత్రల పఠనానందము

1906వ సంవత్సరమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినారు. మరుసటి సంవత్సరము ఆ మండలి తెలుగువారి చేతికి అందించిన మొట్టమొదటి గ్రంథము కావ్యము కాదు, వేదాంతమును కాదు; గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఎక్కడి అమెరికా, ఎక్కడి తెలుగుదేశము! అయినను దేశాభిమానము మొలకలెత్తుచున్న ఆ దినములలో, దుంగల గుడిసెలో పుట్టిన నిఱుపేద దేశాధ్యక్షుడైన కథ మనవారికి మొదట చెప్పదగినదని వారు తలచుటలో వింత లేదు.

చరిత్ర గ్రంథము మనకు తెలివిని ఇచ్చును గాని సాంగత్యమును ఈయదు. జీవితచరిత్ర చదువునపుడు ఒక మనుష్యుని ఇంటికి పోయి, అతని అరుగుమీద కూర్చుండి, అతడు లోపలివారితో ఆడు మాటలు సైతము వినుచున్నట్లుండును. వేలమంది కూలిన యుద్ధముకంటె ఒక చిన్న మాట, ఒక పరిహాసము మనుష్యుని స్వభావమును హెచ్చుగా తెలుపునని గ్రీకు రచయిత ప్లూటార్కు ఏనాడో గ్రహించినాడు.

లింకను కథనే చూతము. ఆయన స్వయముగా జీవితచరిత్రలు చదివి పెరిగినవాడు. 1809లో కెంటకీలో పుట్టి, ఇండియానా అడవులలో పెరుగుచున్న కాలమున, జోసయా క్రాఫర్డు అను రైతు వద్ద జార్జి వాషింగ్టను చరిత్రను ఎరువు తెచ్చుకొన్నాడు. రాత్రి దానిని దుంగల సందున దాచగా వాన కురిసి పుస్తకము తడిసి ముద్దయైనది. ఇచ్చుటకు పైకము లేదు. మొక్కజొన్న చేనిలో రెండు మూడు దినములు పశువుల మేతకై ఆకు దూసి ఆ బాకీ తీర్చినాడు. తడిసిన పుస్తకము తనదైనది.

బాలలకు చెప్పు కథ సాధారణముగ ఇక్కడ ఆగును. కాని ఆ కూలి అన్యాయమని కుఱ్ఱవానికి కడుపులో మంట ఉండెను. క్రాఫర్డు ముక్కు పెద్దది. ఆ ముక్కునుగూర్చి ఎగతాళి పద్యములు కట్టి ఊరంతయు నవ్వునట్లు చేసినాడట! మొదటి సగము చదివి మనము లింకనును గౌరవింతుము. రెండవ సగము చదివిన పిమ్మట ఆతడు మనకు పరిచితుడగును.

ఆ తడిసిన గ్రంథము వీమ్సు రచించినదని పలువురందురు. రామ్సే రచించినదనువారును గలరు. వీమ్సు ఊరూర తిరిగి పుస్తకములమ్మిన మతబోధకుడు. వాషింగ్టను 1799 డిసెంబరులో మరణింపగా, మరుసటి యేడే ఆయన చరిత్రను వెలువరించినాడు. బాలుడైన వాషింగ్టను చెఱ్ఱీ చెట్టును గొడ్డలితో నరికి, తండ్రి అడుగగా అబద్ధమాడలేనని ఒప్పుకొన్న కథ 1806 నాటి ముద్రణములో చేరినది. దానికి ఆధారమేమియు లేదు. అబద్ధమాడని బాలుని గూర్చి రచయిత ఆడిన అబద్ధమది!

అట్లని వీమ్సును అవతల పారవేయుటకు మాకు మనసొప్పదు. 1861 ఫిబ్రవరి 21వ తేదీన, అధ్యక్షపదవి స్వీకరించుటకై పోవుచు, లింకను ట్రెంటను నగరమున న్యూజెర్సీ సెనేటులో ప్రసంగించినాడు. తాను చిన్ననాడు వీమ్సు పుస్తకము చదివితినని అచట చెప్పినాడు. ఆయన మనసున నాటుకొన్నది చెట్టు నరికిన కథ కాదు. 1776లో ఆ ట్రెంటను దాపుననే వాషింగ్టను సైనికులు నది దాటుట, హెస్సియను సేనలతో పోరుట, వారు పడిన బాధలు. ఇంతటి కష్టమునకు ఓర్చిన ఆ మనుష్యులు సామాన్యమైనదానికై పోరాడి యుండరని పసితనముననే తనకు తోచినదట. రెండు నెలలు గడువక ముందే ఆ దేశమున అంతర్యుద్ధము వచ్చిపడినది.

అట్టి లింకనే పెరిగి పెద్దయైన పిమ్మట జీవితచరిత్రలను నమ్మడయ్యెను. ఆయనతోడి న్యాయవాది హెర్న్‌డను ఒక సంగతి వ్రాసినాడు. ఎడ్మండు బర్కు చరిత్ర ఒకటి ఇచ్చి చదువుమనగా లింకను కొన్ని పుటలు తిరుగవేసి వద్దన్నాడట. ఇట్టివి అన్నియు పొగడ్తలేననియు, పేరు వ్రాయుటకు ఖాళీలు విడిచిన జీవితచరిత్రలను పుస్తకముల అంగళ్లలో సిద్ధముగ ఉంచినచో, ఎవరైన మరణించినపుడు బంధువులు ఒకటి కొని పూరించుకొందురుగదా అనియు పరిహసించినాడట. మన భాషలో అట్టి ఖాళీల పుస్తకములు మేమును కొన్ని చదివితిమి. పుట్టుకనాడే శుభశకునములు, బాల్యముననే సకల సద్గుణములు. ఆ మనుష్యుడు మాత్రము ఎందును కానరాడు.

1865 ఏప్రిలులో లింకను హత్యకు గురియైన పిదప దేశమాయనను దేవునిగ కొలువసాగినది. హెర్న్‌డను అప్పుడే ఆయన బాల్యమిత్రులకు, ఇరుగుపొరుగువారికి జాబులు వ్రాసెను. స్వయముగ ఇండియానాకు పోయి ముసలివారిని కూర్చుండబెట్టి అడిగెను. ఆయన గ్రంథము 1889లో వెలువడినపుడు, చెప్పగూడని సంగతులు చెప్పినాడని పలువురు నిందించిరి. ఆయన ప్రశ్నలకు బదులు చెప్పినవారిలో క్రాఫర్డుగారి భార్యయు ఉన్నది. తన భర్త ముక్కు మీది పద్యముల సంగతి ఆమె మఱువలేదు.