సగంలో ఆపిన ఆకు

టీ అంటే గోదావరి జిల్లాల్లో గేదెపాలు, పంచదార, దంచిన అల్లం. పొడి తప్ప ఆకు చూసినవాళ్లు మనలో తక్కువే. ఇలాంటి చోట కూర్చుని పాలూ పంచదారా లేకుండా తాగే చైనా ఊలాంగ్ గురించి, అందులోనూ పచ్చదనం పోని లేత ఊలాంగ్ గురించి రాయడానికి నాకో కారణం ఉంది. చైనా ఆకు సముద్రం దాటడం మొదలుపెట్టిన రోజుల్లో అదే సముద్రం మీద మన పాలకొల్లు, నరసాపురం గుడ్డలు కూడా తిరిగాయి. ఒకే కంపెనీ గిడ్డంగుల్లోకి రెండూ చేరాయి. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఊలాంగ్ కథ మనకి మన కథలా అనిపించదు.

ముందు ఆకు సంగతి. గ్రీన్ టీకి, ఊలాంగ్‌కి, మనం మరిగించే బ్లాక్ టీకి మొక్క ఒకటే. తేడా అంతా కోసిన తర్వాత జరిగే పనిలో ఉంది. ఆకు నలిగితే అందులోని పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్ సాయంతో దాన్ని ఎర్రబరుస్తుంది. కోసీ కోయగానే వేడి తగిలించి ఆ ఎంజైముని చంపేస్తే గ్రీన్ టీ. దాని పని దాన్ని పూర్తిగా చేసుకోనిస్తే బ్లాక్ టీ. నడుమ ఎక్కడో ఒకచోట ఆపేస్తే ఊలాంగ్. ఎర్రబడడం మొదలై అంచులు దాటకముందే ఆపినది లేత ఊలాంగ్.

పొగాకు పండించిన రైతుకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెట్టల్లో వర్జీనియా ఆకుని బ్యారన్‌లో కట్టి, మొదట సన్నటి వేడి మీద పసుపు తిరగనిస్తారు. పసుపు తిరగ్గానే వేడి పెంచి, గాలి వదిలి, ఆ రంగుని అక్కడే నిలబెట్టాలి. ఏమరుపాటున ఆలస్యమైతే ఆకు గోధుమరంగుకి తిరుగుతుంది, వేలంలో ధర పడిపోతుంది. అక్కడ ఆకుని పాడుచేసేది, ఇక్కడ ఊలాంగ్ చేసేవాడు వాడుకునేది ఒకే జాతి ఎంజైము. 1947 నుంచీ కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ నడిచిన రాజమండ్రిలో, ఆకుని ఎప్పుడు ఆపాలో ముక్కుతో, చేత్తో తెలుసుకునే పనివాళ్లు ఎప్పుడూ ఉన్నారు. మనకి టీ ఆకు కొత్త కావచ్చు గానీ ఆకు పని కొత్త కాదు.

ఇక పుట్టుక. చైనాలో చాలా శతాబ్దాలపాటు టీని దంచి, అచ్చులు పోసి, బిళ్లలుగా అమ్మేవారు. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి హోంగ్‌వూ, బిళ్లల టీ జనానికి భారమవుతోందని, ఇకపై రాజుకి కప్పంగా విడి ఆకే పంపమని ఆజ్ఞాపించాడు. ఫుజియన్ రాష్ట్రంలోని వుయి కొండలవాళ్లు బిళ్లల టీకి పేరుపడ్డవాళ్లు. ఆ ఆజ్ఞతో వాళ్ల పాత విద్య అక్కరకు రాకుండా పోయింది. తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో అక్కడ విడి ఆకుతో కొత్త పద్ధతులు పుట్టుకొచ్చాయి. 18వ శతాబ్దం మొదట్లో వాంగ్ త్సావోతాంగ్ అనే ఆయన వుయి టీ గురించి రాస్తూ, ఆకుని ఎండలో ఆరబెట్టి, ఎగరేసి, వాసన రాగానే మూకుట్లో వేయించి, ఆపైన నిప్పుల మీద కాస్తారనీ, తయారైన ఆకు సగం పచ్చగా, సగం ఎర్రగా ఉంటుందనీ చెప్పాడు. ఊలాంగ్ లక్షణం అప్పటికే స్థిరపడిందని ఆ వర్ణన బట్టి తెలుస్తుంది.

జనం చెప్పుకునే కథ ఇంకోటుంది. ఒక వేటగాడు టీ ఆకు కోసుకుని బుట్ట వీపున వేసుకుని వస్తూ జింక కనబడితే వెంటపడ్డాడట. వేట సందడిలో ఆకు సంగతి మరిచిపోయాడు. మర్నాడు చూస్తే ఆకు అంచులు ఎర్రబడి, కమ్మటి వాసన వేస్తోంది. ఈ కథని నిజమని ఎవరూ పట్టుబట్టరు. కానీ దీన్ని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. బుట్ట కుదుపులకి ఆకులు ఒకదానికొకటి రాసుకుని అంచులు నలగడం, రాత్రంతా ఊరికే ఉంచడం – ఊలాంగ్ తయారీలో ఉన్న అసలు కిటుకు ఇదే. పనివాళ్లు తమ పనిని కథలో దాచిపెట్టుకున్నారు.

వుయి నుంచి దక్షిణంగా, సముద్రానికి దగ్గరగా అన్‌షీ ఉంది. లేత ఊలాంగ్‌కి ఇప్పుడు ఈ ఊరే చిరునామా. ఇక్కడి తియెగ్వాన్‌యిన్ అనే రకం 18వ శతాబ్దంలో షీపింగ్ ప్రాంతంలో బయటపడిందంటారు. వెయ్ అనే రైతు పాడుబడ్డ గుడిలోని గ్వాన్‌యిన్ దేవతకి రోజూ టీ నివేదించేవాడనీ, ఆవిడ కలలో కనబడి మొక్క జాడ చెప్పిందనీ ఒక కథ. వాంగ్ అనే చదువుకున్నాయన దాన్ని రాళ్ల మధ్య కనిపెట్టి, రాజధానికి పంపించాడని ఇంకో కథ. రెండు వంశాలవాళ్లూ ఇప్పటికీ ఎవరి కథ వాళ్లే చెబుతారు. గ్వాన్‌యిన్ ఎవరో కాదు, మన అవలోకితేశ్వర బోధిసత్త్వుడే. బౌద్ధంతో పాటు చైనా చేరి, కాలక్రమాన అక్కడ స్త్రీమూర్తి అయ్యాడు. కోనసీమలో వైనతేయ ఒడ్డున ఆదుర్రు స్తూపం చూసి వచ్చినవాళ్లకి ఆ దేవత మరీ పరాయిదిగా తోచదు. 2022లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ అన్‌షీ టీ సాగు పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు సముద్రం మీదికి వద్దాం. 1602లో ఏర్పడిన ఒలందుల (డచ్చివాళ్ల) తూర్పు ఇండియా కంపెనీకి కావలసింది జావా, మొలక్కా దీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ. అక్కడివాళ్లు వెండి కంటే ఇష్టంగా పుచ్చుకున్నది కోరమాండల్ గుడ్డ. మొలక్కా దీవులకి కోరమాండల్ ఎడమచెయ్యి లాంటిదని కంపెనీ పెద్ద హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే అన్నాడు. మచిలీపట్నం తర్వాత వాళ్లు గోదావరి పాయల్లోకి వచ్చి పాలకొల్లులో, ద్రాక్షారామంలో గిడ్డంగులు పెట్టారు, తర్వాత కాకినాడ జగన్నాయకపురంలో. ఇంగ్లీషువాళ్లు నరసాపురం పక్కన మాధవాయపాలెంలో దిగారు. అక్కడి గుడ్డ ఆ ఊరిపేరుతోనే మడపొల్లం అని ఇంగ్లండు బట్టల దుకాణాల్లోకి ఎక్కింది. పాలకొల్లులో ఒలందుల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

మన గుడ్డ జావాకి వెళ్లి మిరియాలు అయ్యేది. అక్కడి బటావియా రేవుకి ఫుజియన్ నుంచి చైనా ఓడలు వచ్చి ఆ మిరియాలు ఎత్తుకుపోయేవి, బదులుగా పట్టు, పింగాణీ, టీ దింపేవి. 1637లో కంపెనీ డైరెక్టర్లు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బటావియాకి ఉత్తరం రాస్తూ, ఇక్కడ కొందరు టీ అలవాటు చేసుకుంటున్నారు కాబట్టి ప్రతి ఓడలోనూ కొన్ని జాడీల టీ పంపమన్నారు. 1720ల చివరిదాకా ఒలందులకి టీ ప్రధానంగా బటావియాలో చైనా ఓడల దగ్గరే దొరికేది. ఇంగ్లీషువాళ్లు 1689లో ఫుజియన్ రేవు అమోయ్ నుంచి నేరుగా తెచ్చుకోవడం మొదలుపెట్టారు. 1773లో బోస్టన్ రేవులో జనం నీళ్లపాలు చేసిన 342 పెట్టెల్లో ఎక్కువ భాగం బోహీ అని పిలిచే వుయి టీయే. పాలకొల్లు మగ్గం మీద పడిన పోగుకీ, వుయి కొండమీద ఎండలో ఆరిన ఆకుకీ మధ్య ఇన్ని చేతులు ఉన్నాయి. ఆ రెండు కొసల్లో ఉన్నవాళ్లకి మాత్రం ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీల్లేదు.

మన దేశపు పడమటి తీరంలో టీ తాగడం అప్పటికే ఉంది. 1638లో సూరత్‌లో బస చేసిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్‌లో అక్కడి సమావేశాల్లో రోజూ టీ తాగేవాళ్లమని రాసుకున్నాడు. గోదావరి డెల్టాలో సామాన్యుడి ఇంట టీ పడడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఈలోగా నల్లమందు యుద్ధాలు జరిగాయి, చైనా మొక్కలు, విత్తనాలు హిమాలయాలకు చేరాయి, అస్సాం అడవుల్లో తోటలు లేచాయి. 1903లో టీ సుంకం చట్టం వచ్చింది. ఎగుమతి మీద వసూలైన ఆ డబ్బుతో తోటల యజమానులు స్టేషన్లలో, బజార్లలో టీ కాచి పోసి మన దేశస్థులకి అలవాటు చేశారు. 1930లో అస్సాంలో మెక్‌కర్చర్ అనే ఆయన ఆకుని నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టే యంత్రం కనిపెట్టాడు. అదే సీటీసీ. తక్కువ పొడితో ఎక్కువ కప్పులు, పాలు పోసినా తగ్గని రంగు. మన వీధి చివరి టీ బండి దాని పుణ్యమే. ఆ టీ మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ టీ మన దగ్గరికి ఆకుగా రాలేదు, పొడిగా వచ్చింది. అందుకే ఆకుకి ఒక వాసన ఉంటుందన్న ఎరుక మనకి కలగలేదు.

ఆ వాసన ఎలా పుడుతుందో చెప్పి తీరాలి. అన్‌షీ ఊలాంగ్‌కి రెండాకులూ మొగ్గా కోయరు. మొగ్గ విచ్చుకుని, మూడు నాలుగు ముదురాకులు వచ్చాక కోస్తారు. సాయంత్రపు ఎండలో కాసేపు వాడ్చి, నీడకి తెస్తారు. తర్వాత వెదురు పీపాలో వేసి తిప్పుతారు. ఆకులు దొర్లి అంచులు నలుగుతాయి. తీసి తట్టల్లో పరిచి కొన్ని గంటలు వదిలేస్తారు, మళ్లీ తిప్పుతారు. రాత్రంతా ఇదే పని. కాడలో ఉన్న తడి ఆకులోకి పాకి, వాడిన ఆకు మళ్లీ బిగుస్తుంది. మొదట గడ్డివాసన, తర్వాత పచ్చికాయ వాసన, తెల్లవారుజాముకి పూలవాసన. పనివాడు తట్ట దగ్గర ముక్కు పెట్టి, ఇక చాలని తేల్చుకున్న క్షణాన ఆకుని కాలే పీపాలోకి ఎత్తేస్తారు. దెబ్బ తిన్న ఆకు తనని తాను కాపాడుకోడానికి తయారుచేసుకునే పదార్థాలే ఆ పరిమళం. అందులో ఇండోల్ ఒకటి, మల్లెపూలలోనూ అదే ఉంటుంది. పూలు కలిపి తెచ్చిన వాసన కాదది. తర్వాత ఆకుని గుడ్డలో మూటకట్టి దొర్లించి, విప్పి, మళ్లీ కట్టి, గట్టి గుళ్లుగా చేసి ఆరబెడతారు.

వెనకటి తియెగ్వాన్‌యిన్‌ని బాగా కాల్చేవారు. అన్‌షీ మొక్కలు 19వ శతాబ్దంలో తైవాన్‌కి వెళ్లాయి. 1869లో జాన్ డాడ్ అనే బ్రిటిష్ వర్తకుడు, లీ చున్‌షెంగ్ తోడ్పాటుతో, రెండు ఓడల తైవాన్ ఊలాంగ్‌ని న్యూయార్క్ పంపాడు. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో తైవాన్‌లో పెరిగిన తేలికపాటి తయారీ, ఏసీ గదుల్లో ఆకు ఆరబెట్టే అలవాటు తిరిగి అన్‌షీకి చేరాయి. 1990ల నుంచి పచ్చటి, పూలవాసన తియెగ్వాన్‌యిన్‌దే రాజ్యం. రంగు మరీ తేటగా ఉండాలని కొందరు ఎర్రబడ్డ అంచుల్ని గుడ్డలో బాది రాల్చేస్తారు. అది నాకు నచ్చదు. రాత్రంతా మేలుకుని తెచ్చిన ఎరుపు అది.

కాచడానికి వస్తే మొదటి సంగతి నీళ్లు. 8వ శతాబ్దంలో టీ శాస్త్రం రాసిన లూ యూ కొండ ఊటకి మొదటి స్థానం, నదికి రెండోది, బావికి మూడోది ఇచ్చాడు. నదినీళ్లు కూడా జనానికి దూరంగా తెచ్చుకోమన్నాడు. గోదావరి డెల్టాలో బతికినవాళ్లకి ఆయన మాట వెంటనే తలకెక్కుతుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బావినీళ్లు ఉప్పన. అందుకే కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవడం. వరదరోజుల్లో ఎర్రనీళ్లు వస్తే కుండలోపల చిల్లగింజ అరగదీసి తేర్చుకోవడం మన పాతవాళ్లకి తెలుసు. ఉప్పుశాతం ఎక్కువున్న బోరునీళ్లలో ఊలాంగ్ వాసన చచ్చిపోతుంది. లవణాలన్నీ తీసేసిన టిన్ను నీళ్లలో రుచి చప్పబడుతుంది. శీతాకాలపు గోదావరి నీళ్లు, వడకట్టి, కుండలో ఒక రాత్రి ఉంచినవి నాకు అన్నిటికంటే బాగా కుదిరాయి.

చైనావాళ్ల మూతగిన్నె లేకపోతే చిన్న పింగాణీ కప్పు, పైన సాసరు చాలు. 110 మిల్లీలీటర్ల కప్పుకి 7 గ్రాములు, అంటే కప్పు అడుగు కప్పేటన్ని గుళ్లు. కళపెళ మరిగిన నీళ్లు ముందు ఖాళీ కప్పులో పోసి వేడెక్కించి పారబోయాలి. గుళ్లు వేసి, మరిగిన నీళ్లు పోసి, వెంటనే వంచేయాలి. అప్పుడు సాసరు ఎత్తి దాని అడుగు వాసన చూడండి. ఊలాంగ్ మొదటి రుచి అక్కడుంది. రెండోసారి నీళ్లు పోసి 20, 30 సెకన్లకే పూర్తిగా వంపుకోవాలి, ఆకు నీళ్లలో నానుతూ ఉండకూడదు. తర్వాత ఒక్కో విడతకీ పది సెకన్లు పెంచుకుంటూ పోతే ఆరేడు విడతలు వస్తుంది. మూడో విడతకి గుళ్లు విచ్చుకుని కప్పంతా ఆకులే. ఆకు నాణ్యం తేల్చే పరీక్షకులైతే 110 మిల్లీలీటర్లకి 5 గ్రాములు వేసి, వరసగా 2, 3, 5 నిమిషాలు నాననిస్తారు. లోపం ఏదైనా ఉంటే అంతసేపట్లో బయటపడక తప్పదు.

నోట్లో పోసుకుని, కాస్త గాలి కలిపి చప్పరించి మింగాలి. ముందు సన్నటి వగరు. మింగిన కాసేపటికి గొంతు వెనక నుంచి తీపి వస్తుంది. ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగినప్పుడు పుట్టే తీపి అది. వగరు ఉండి తీపి రాకపోతే ఆకు నాసిరకం. చివర్లో ఒక ఆకుని పళ్లెంలో విప్పి చూడండి. మందంగా, చిరగకుండా, నడుమ పచ్చగా, అంచున ఎర్రగీతతో ఉండాలి.

లేత ఊలాంగ్‌కి మన ఉక్క, చెమ్మ పడవు. కాల్చిన రకాలు ఏళ్ల తరబడి నిలుస్తాయి గానీ దీనికి ఆ ఓర్పు లేదు. అందుకే చైనాలో ఏడెనిమిది గ్రాముల చొప్పున గాలి తీసేసిన పొట్లాలుగా కట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు. మనమూ అదే చేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పొట్లాన్ని ఒక గంటైనా బయట ఉంచి, చల్లదనం పోయాకే కత్తిరించాలి. లేకపోతే గదిలోని తేమంతా ఆకు పట్టేసుకుంటుంది. పొట్లం విప్పాక మిగల్చకుండా ఆ పూటే కాచుకోవాలి.