చెప్పుకోలేని బాధకు చేసుకోగల వైద్యం



ఈ వేళ నేను మాట్లాడబోయేది కాస్త మొహమాటం కలిగించే విషయం. పక్కన మగవాళ్లుంటే రేడియో గొంతు తగ్గిద్దామని కొందరికి అనిపించవచ్చు. తగ్గించకండి. వాళ్లనూ విననివ్వండి. ఇంట్లో అమ్మ, అత్తగారు, భార్య ఏళ్ల తరబడి దాచుకుంటున్న బాధ ఏమిటో వాళ్లకూ తెలియాలి కదా!

మా పెద్దమ్మది మేడ్చల్ దగ్గర పల్లె. శామీర్‌పేట చెరువు కట్ట మీది కట్టమైసమ్మకు ఏటా తన చేత్తోనే బోనం వండి, నెత్తిన పెట్టుకుని వెళ్లేది. ఆ బోనం ఎత్తుకుని ఆమె నడిచి వస్తుంటే చిన్నపిల్లలం వెనకాలే పరుగెత్తేవాళ్లం. అలాంటి మనిషి ఒక ఏడు హఠాత్తుగా మానేసింది. "మోకాళ్లు గుంజుతున్నయి, ఇగ కోడలు ఎత్తుతది" అన్నది. బతుకమ్మ ఆటకూ రావడం మానేసింది. బస్సెక్కి మా ఇంటికి రావడమూ తగ్గింది. వయసు మీద పడిందనుకున్నాం.

చాలా ఏళ్ల తర్వాత, నా రెండో కాన్పయ్యాక, దగ్గినా తుమ్మినా నాకు బట్ట తడవడం మొదలైంది. సిగ్గు విడిచి పెద్దమ్మతో చెప్పాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, "నాకు గూడ గదే బిడ్డా. మైల బట్టతోని అమ్మోరి బోనం ఎట్ల ఎత్తుదు?" అన్నది.

"మరి ఎవరికీ చెప్పలేదా పెద్దమ్మా?"

"ఎవలికి జెప్పాలె? ఆడిదాని బతుకే గంత అనుకున్న."

ఆడదాని బతుకు నిజంగా అంతేనా? ఈ ప్రశ్నకు జవాబు కోసం చరిత్రలోకి కొంచెం తొంగి చూద్దాం.

ముందు అసలు సంగతి. మన నడుము ఎముకల అడుగున కొన్ని కండరాలు నులక మంచంలాగా అల్లుకుని ఉంటాయి. డాక్టర్లు వాటిని పెల్విక్ ఫ్లోర్ కండరాలంటారు. మూత్రాశయం, గర్భసంచి, పేగు చివరి భాగం ఆ మంచం మీదే ఆనుకుని ఉంటాయి. కాన్పుల్లో ఆ అల్లిక సాగుతుంది. ముట్లుడిగిన తర్వాత ఇంకాస్త సడలుతుంది. ఎడతెగని దగ్గు, మలబద్ధకం, అధిక బరువు, నెత్తిన మోతలు దాన్ని మరీ వదులు చేస్తాయి. అప్పుడు దగ్గినా, నవ్వినా, బిందె ఎత్తినా చుక్కలు పడతాయి. నులక వదులైందని మంచాన్ని పారేస్తామా? కాళ్లవైపు తాడు లాగి బిగిస్తాం. ఈ రోగానికి వ్యాయామ వైద్యమంటే అచ్చంగా అదే.

ఇంత సులువైన మాట మన దాకా రావడానికి ఎందుకింత కాలం పట్టింది? మగ డాక్టరుకు మన ఆడవాళ్లు చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఆడ డాక్టర్లు లేరు. హైదరాబాదు మెడికల్ స్కూల్లో 1885లో ఆడపిల్లలకు ప్రవేశం దొరికింది. అలా చదువుకున్న తొలి వారిలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ఆపరేషన్లకు క్లోరోఫారం ఇవ్వడంలో ఆమె పేరు పొందారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరని ఆమెను ఇప్పుడు చెప్పుకుంటున్నారు. 1906లో నగరంలో ఆడవాళ్ల కోసం విక్టోరియా జనానా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 1953లో నీలోఫర్ ఆసుపత్రి వచ్చింది. ఇవన్నీ తల్లీబిడ్డల ప్రాణాలు నిలపడానికి వచ్చినవి. ప్రాణం నిలవడమే గగనమైన రోజుల్లో చుక్కలు పడుతున్నాయని ఎవరు అడుగుతారు, ఎవరు చెబుతారు?

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. రోజుల తరబడి నొప్పులు పడి కష్టమైన కాన్పు జరిగితే, మూత్రాశయానికి రంధ్రం పడి, రాత్రీ పగలూ మూత్రం కారుతూనే ఉంటుంది. దానికి వ్యాయామం సరిపోదు, ఆపరేషన్ కావాలి. ఆ ఆపరేషన్‌ను అమెరికాలోని అలబామాలో మేరియన్ సిమ్స్ అనే డాక్టరు 1840ల్లో రూపొందించాడు. ఎవరి మీద ప్రయోగం చేసి? అనార్చా, లూసీ, బెట్సీ వంటి నల్లజాతి బానిస స్త్రీల మీద, మత్తు కూడా ఇవ్వకుండా. వాళ్లకు కాదనే హక్కు లేదు. ఆ డాక్టరుకు విగ్రహం లేచింది. న్యూయార్కులో ఆ విగ్రహాన్ని 2018లో తొలగించారు. మనకు దక్కిన వైద్యం వెనక ఆ తల్లుల కన్నీళ్లున్నాయని మరచిపోకూడదు.

ఇక వ్యాయామం సంగతి. ఇంగ్లండులో మార్గరెట్ మోరిస్ అనే నాట్యకారిణి ఉండేది. ఆమె వైద్య వ్యాయామంలోనూ శిక్షణ పొంది, బాలింతలకు పనికివచ్చే కసరత్తులను 1936లో పుస్తకంగా తెచ్చింది. ఈ కండరాలను బిగించి వదలడం అందులో ఉంది. ఆ తర్వాత 1948లో లాస్ ఏంజిలిస్‌కు చెందిన ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీల వైద్యుడు ఒక వ్యాసం ప్రచురించాడు. కత్తి పట్టకుండానే ఈ కండరాలకు మళ్లీ బలం తేవచ్చని చెప్పాడు. ఆయన ఒక చిన్న పరికరం కూడా తయారు చేశాడు. రక్తపోటు చూసే పరికరంలాగే దానికీ ముల్లు ఉంటుంది. తాను బిగిస్తే ముల్లు ఎంత కదిలిందో ఆ స్త్రీ తన కళ్లతో తానే చూసుకునేది. ఆయన పేరు మీదే వీటిని ఇప్పటికీ కెగెల్ వ్యాయామాలంటారు.

"ఇది మన మూలబంధమే కదా!" అని యోగాభ్యాసం చేసేవారు అనవచ్చు. నిజమే. సుమారు పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో మూలబంధం ఉంది, ఘేరండ సంహితలో అశ్వినీ ముద్ర ఉంది. అయితే అవి యోగ సాధన కోసం చెప్పినవి, బాలింతల కోసం కాదు. మన దగ్గర ఉన్న విద్య మన ఆడవాళ్లకు అందలేదు. దానికి గర్వపడాలో విచారించాలో మీరే చెప్పండి.

వట్టి నమ్మకమేనా, రుజువేమన్నా ఉందా? ఉంది. 1999లో నార్వేలో కారీ బో అనే పరిశోధకురాలి బృందం 107 మంది స్త్రీలను నాలుగు జట్లుగా చేసింది. ఒక జట్టు వ్యాయామం చేసింది, ఒక జట్టుకు విద్యుత్ చికిత్స, ఒక జట్టుకు బరువుల సాధనం ఇచ్చారు. ఇంకో జట్టుకు ఏ చికిత్సా లేదు. ఆరు నెలలకు చూస్తే వ్యాయామం చేసినవారే బాగా మెరుగయ్యారు. 2018లో 31 పరిశోధనలను కలిపి పరిశీలించినప్పుడు, దగ్గితే తుమ్మితే చుక్కలు పడే స్త్రీలలో వ్యాయామం చేసినవారికి 56 శాతం మందికి నయమైంది. చేయనివారిలో 6 శాతం మందికే.

మరి ఎలా చేయాలి? గాలి పోకుండా, మూత్రం రాకుండా ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. ఆరు నుంచి ఎనిమిది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి, అంతసేపూ వదిలేయాలి. ఇలా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రోజుకు మూడు పూటలు. మొదట పడుకుని, అలవాటయ్యాక కూర్చుని, ఆపైన నిలబడి చేయాలి. ఊపిరి బిగపట్టకూడదు. పిరుదులు, తొడలు, పొట్ట బిగించకూడదు. కిందికి ముక్కితే మేలుకు బదులు కీడు. నోటిమాటగా చెబితే సగం మందే సరిగ్గా చేయగలిగారని 1991లో అమెరికాలో ఒక పరిశోధనలో తేలింది. అందుకని వీలైతే ఒక్కసారి లేడీ డాక్టరు దగ్గరో, ఫిజియోథెరపిస్టు దగ్గరో సరిచూసుకోండి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడం అలవాటు చేసుకోవద్దు. దగ్గో తుమ్మో వస్తోందనగానే ముందే బిగించడం నేర్చుకోండి. ఫలితం కనబడటానికి మూడు నెలలన్నా ఓపిక పట్టాలి.

తడుస్తుందని నీళ్లు తాగడం మానేయకండి. మూత్రం చిక్కనై ఇంకా చికాకు పెడుతుంది. మంట, రక్తం, నొప్పి ఉన్నా, ఏదో కిందికి జారినట్టున్నా, ఎడతెగక కారుతున్నా డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

మళ్లీ మా మేడ్చల్‌కు వస్తాను. అక్కడి ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వైద్య సంస్థ, షేర్ ఇండియా సంస్థ ఆధ్వర్యంలో 2009లో లైఫ్ అనే అధ్యయనం మొదలైంది. మేడ్చల్ మండలం పల్లెల్లో 1,227 మంది స్త్రీలను గర్భం రాకముందో, తొలి నెలల్లోనో చేర్చుకుని, కాన్పు దాకా, ఆపైన బిడ్డ ఎదుగుదల దాకా గమనించారు. అది మన ఇవాళ్టి సమస్య కోసం పెట్టింది కాదు. కానీ ఇంటి గడప దాకా వచ్చి ఆడవాళ్లను ఆరోగ్యం గురించి అడగవచ్చని, అడిగితే వాళ్లు చెబుతారని మా పల్లెలు చూశాయి. మా పెద్దమ్మను ఆ వయసులో ఎవరన్నా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే!

నేను నేర్చుకున్నది పెద్దమ్మకు నేర్పాను. మొదట నవ్వింది, తర్వాత పట్టుదలగా చేసింది. నాలుగు నెలలకు చాలా తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. ఆ ఏడు బోనం కోడలే ఎత్తింది. కాని పెద్దమ్మ పక్కనే నడిచి, కట్ట మీది దాకా వచ్చింది. అమ్మవారి ఎదుట నిలబడి, "ఇది మైల గాదమ్మా, కండ వదులైంది, అంతే" అన్నది. మేమంతా నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు, కళ్లు తుడుచుకుంది.

మీ ఇంట్లో పెళ్లిళ్లకు, తీర్థాలకు రావడం మానేసిన పెద్దవారెవరన్నా ఉన్నారా? మోకాళ్ల నొప్పులంటున్నారా? ఒకసారి పక్కన కూర్చుని మెల్లగా అడిగి చూడండి. ఇంట్లో బాలింత ఉంటే నడికట్టుతోపాటు ఈ నాలుగు మాటలూ చెప్పండి.

సెలవు.