సుల్తాన్ బజార్ మాత్ర వెనక పాల బాక్టీరియా

ప్రోబయోటిక్ అనే మాట మన మందుల షాపుల్లోకి వచ్చి మరీ ఎక్కువ కాలం కాలేదు. పాల బాక్టీరియాని పాల సరుకు మీదే పెంచి పని చేయించుకోవడం మాత్రం పాత సంగతే. సుల్తాన్ బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికొచ్చే గర్భిణులకి ఐరన్‌తో పాటు ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఇస్తారు చూశారూ, ఆ విటమిన్‌ని పట్టించింది ఒక బాక్టీరియా. దాన్ని మొదట లాబ్‌లో తయారుచేసిన జట్టుకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

గర్భిణుల్లో వచ్చే ఒకరకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని 1931లో లూసీ విల్స్ బొంబాయి అనుభవంతో రాసింది. కాలేయంలోనూ ఆ గుణం ఉంది. సరే, ఆ పదార్థమేంటి? కాలేయాన్ని విడగొట్టిన ప్రతి భాగాన్నీ రోగుల మీద పరీక్షిస్తూ కూర్చోలేరు కదా. ఇక్కడ అక్కరకొచ్చింది లాక్టోబాసిల్లస్ కేసీ, అంటే చీజ్ బాక్టీరియా. మన పెరుగు తోడుకి చుట్టమే.

వెన్న తీసిన పాలనుంచి వచ్చే కేసీన్‌ని ఆసిడ్‌తో విడగొట్టి, చక్కెర, తెలిసిన విటమిన్లు కలిపి, వెతుకుతున్న ఆ ఒక్కటీ లేకుండా ద్రవం తయారుచేస్తారు. అందులో బాక్టీరియా పెరగదు. కాలేయం సారం ఓ చుక్క పడితే పెరుగుతుంది, లాక్టిక్ ఆసిడ్ చేస్తుంది. మూడు రోజులాగి ఆ పులుపు కొలిస్తే విటమిన్ ఎంతుందో లెక్క తేలిపోతుంది. మన భాషలో యూనిట్ టెస్ట్ అన్నమాట (డెవలపర్ చెప్పినట్టల్లా పాసయ్యే రకం కాదు లెండి).

ఆ పదార్థాన్ని లెడర్లీ కంపెనీలో చాలాకాలం 'ఎల్. కేసీ ఫాక్టర్' అనే పిలిచారు. 1945లో కృత్రిమంగా తయారుచేశారు. 1946 నాటి సైన్స్ పత్రిక వ్యాసంలో 16 మంది పేర్లుంటే, పరిశోధనకి పెద్ద అయిన సుబ్బారావు గారి పేరు ఏడోది. ఆయన తీరే అంత.

నిజానికి ఆయనకిది ఉద్యోగం ఒక్కటే కాదు. సొంత అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. ఫోలిక్ ఆసిడ్ ఆ జబ్బుకీ మందయింది, వాళ్ళు పోయిన ఎన్నో ఏళ్ళ తర్వాత.

అన్నట్టు, ఈ పరీక్షకి వాడుతూ వచ్చిన ఏటీసీసీ 7469 అనే రకం అసలు కేసీ కాదనీ, ఎల్. రామ్నోసస్ అనీ తర్వాత తేల్చారు. ఇప్పుడు మనం కాప్స్యూల్‌లో కొనుక్కుని మింగే 'జీజీ' కూడా ఆ జాతిదే.