గోదారి ఒడ్డున అరాకేరియా

నెమరువేసే పశువు కడుపులోని రసంలో అరాకేరియా ఆకు వేసి, అది ఎంత పులుస్తుందో 2008లో కొందరు శాస్త్రవేత్తలు కొలిచారు. మొదట మందకొడిగా సాగింది. 72 గంటలు గడిచేసరికి మంచి బలమున్న మేతేనని తేలింది. వాళ్లు వెతుకుతున్నది డైనోసార్ల తిండి. నమలకుండా మింగి, రోజుల తరబడి అరిగించుకునే మహాకాయాలకు ఈ ఆకు చక్కగా సరిపోతుందట! నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని అమ్మే ఈ అరాకేరియా కుండీ మొక్క వంశచరిత్ర వెతకాలని నాకు అప్పుడే అనిపించింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. భూమ్మీద చెట్టే పుట్టని కాలపు రాయి అది. ధర్మపురి దగ్గర స్నానం చేసిన గోదారి వెంటే కిందికి పోతే మాత్రం కథ మారుతుంది. పెద్దపల్లి దాటాక ఇసుకరాయి మొదలై మంథని, కాళేశ్వరం మీదుగా అవతలి సిరొంచ వరకూ పరుచుకుంటుంది. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే ఊరి పేరే అక్కడి జురాసిక్ శిలలకు పెట్టారు.

సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట అదంతా నదులు, చెరువులు, చిక్కటి అడవి. నాకు ఎంత చెప్పినా తనివి తీరని కాలమిది. సిరొంచ వైపు దొరికిన డైనోసార్ ఎముకలను కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వి తీశారు. తవ్వకాలు సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో ఆ జీవికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ఇటు మంచిర్యాల జిల్లా యామన్‌పల్లిలో కోటసారస్ బయటపడింది. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఈ శిలల్లోనే అరాకేరియా వంశపు మానులు రాళ్లై దొరికాయి. తిన్నవాడి ఎముకల కోసం జనం టికెట్ కొని వెళ్తారు, అన్నం పెట్టిన అడవిని మాత్రం ఎవరూ అడగరు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

ఏలూరు దగ్గరి గొల్లపల్లి రాళ్లలోని అరాకేరియా కాయల పొలుసులను 1877లోనే ఫైస్ట్‌మాంటెల్ అనే శిలాజ శాస్త్రవేత్త వర్ణించాడు. ఆ చెట్లు పెరిగిన కాలం తర్వాత భారతదేశం గోండ్వానా మహాఖండం నుంచి విడిపోయింది, దక్కన్ లావా పొంగింది. ఈ వంశం ఇక్కడి అడవుల్లో అంతరించి, ఆస్ట్రేలియా వానడవుల్లో నిలిచింది.

అక్కడి క్వీన్స్‌లాండ్‌లో ఈ వంశపు బున్యా చెట్టు 45 మీటర్ల దాకా పెరుగుతుంది. ఒక్కో కాయ పది కిలోల దాకా తూగుతుంది. మన సమ్మక్క జాతర రెండేళ్లకోసారైతే, విరగకాసే మూడేళ్లకోసారి బున్యా కొండల్లో ఆదివాసులు కూడేవారు. వందల కిలోమీటర్ల నుంచి వచ్చి గింజలు కాల్చుకు తినేవారు, తగాదాలు తీర్చుకునేవారు, పెళ్లిళ్లు కుదుర్చుకునేవారు. 1842లో గవర్నర్ గిప్స్ ఆ అడవుల్లో చెట్లు కొట్టరాదన్నాడు. 1860లో ఆ రక్షణ తీసేశారు. రంపాలు దిగాయి, ఆదివాసులను తరిమేశారు, ఆ కూడిక చెదిరిపోయింది. 1908లో బున్యా కొండలను జాతీయ ఉద్యానవనం చేశారు గానీ, అప్పటికి పిలవడానికి మిగిలినవాళ్లు కొద్దిమందే. చెట్టును కాపాడి, దాని కింద కూర్చునే మనుషులను పోగొట్టుకున్నారు.

కాళేశ్వరం వెళ్లే జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు వంతెన దాటితే సిరొంచే. అక్కడి వడధం శిలాజ పార్కులో రాతిమానులున్నాయి. పిల్లల్ని తీసుకెళ్లండి. గుర్తుకని ఒక్క ముక్క కూడా తేనివ్వకండి.