ప్లస్ 5 అంటే ఎడమకెందుకు? బాగ్దాద్ చతురస్రం చెప్పిన జవాబు

బ్రాకెట్‌లో ప్లస్ ఉంటే గ్రాఫ్ ఎడమకి, మైనస్ ఉంటే కుడికి జరుగుతుంది. ఈ రూల్ మనం బట్టీ పట్టేస్తాం. కానీ ప్లస్ అంటే కుడికి కదా వెళ్ళాలి? ఎడమకెందుకు? జవాబు కోసం ఇవాళ మిమ్మల్ని 1200 ఏళ్ళు వెనక్కి తీసుకెళ్తాను.

క్రీ.శ. 820 ప్రాంతం, బాగ్దాద్. అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు ఒక లెక్కల పుస్తకం రాశాడు. దాని పేరులోని 'అల్ జబ్ర్' అనే మాటే మన ఆల్జీబ్రా అయింది. అందులో ఒక లెక్క ఉంది: ఎక్స్ స్క్వేర్ ప్లస్ 10 ఎక్స్ ఈక్వల్ టు 39. ఆయన ఎక్స్‌లు, ప్లస్‌లు వాడలేదు. అంతా మాటల్లో రాసి, బొమ్మ గీసి చూపించాడు.

మీరూ గీయండి. ఎక్స్ భుజంగా ఒక చతురస్రం. 10 ఎక్స్‌ని సగం చేసి, 5 వెడల్పున్న రెండు పట్టీలుగా ఒకటి పక్కన, ఒకటి కింద అతికించండి. మూలన 5 బై 5 ఖాళీ మిగిలింది కదా? ఆ 25 నింపితే పెద్ద చతురస్రం పూర్తయింది. వైశాల్యం 39 ప్లస్ 25, అంటే 64. భుజం 8. అందులోంచి 5 తీసేస్తే ఎక్స్ విలువ 3.

ఇదే లెక్కని గ్రాఫ్‌గా చూద్దాం. వై ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ 5 హోల్ స్క్వేర్, మైనస్ 64. పరావలయం శీర్షం ఎక్కడుంటుంది? బ్రాకెట్ సున్నా అయ్యే చోట. ఎక్స్ మైనస్ 5 అయితేనే అది సున్నా. అందుకే గ్రాఫ్ 5 ఎడమకి, 64 కిందకి జరిగింది. ఆకారం ఏమాత్రం మారలేదు. ఇప్పుడు మైనస్ 5 నుంచి అటు 8, ఇటు 8 వెళ్ళండి. 3, మైనస్ 13. ఇవే రెండు మూలాలు.

మరి ఆ మైనస్ 13 అల్ ఖ్వారిజ్మీ ఎందుకు చెప్పలేదు? చతురస్రం భుజం మైనస్ ఉండదు కాబట్టి. అప్పటికే 628లో మన బ్రహ్మగుప్తుడు ధన, రుణ సంఖ్యలకి నియమాలు రాశాడు. రుణం అంటే అప్పే! అయినా 1637లో జామెట్రీ పుస్తకం రాసిన డెకార్ట్ కూడా రుణ మూలాలని 'తప్పుడు' మూలాలనే పిలిచాడు. సున్నాకి ఎడమవైపు కూడా గీత సాగాకే ఆ రెండో మూలానికి నిలబడే చోటు దొరికింది.

ఎక్స్ స్క్వేర్ మైనస్ 6 ఎక్స్ ప్లస్ 5 గ్రాఫ్ ఎటు, ఎంత జరుగుతుందో ఇప్పుడు మీరే చెప్పండి. రూల్ గుర్తు చేసుకోవద్దు, బ్రాకెట్ సున్నా అయ్యే చోటు వెతకండి. ఉంటాను!