కమిటల్ విచారణలో క్రాస్ ఎగ్జామినేషన్

సెషన్స్ కోర్టుకు పంపవలసిన హత్య వంటి కేసుల్లో, మేజిస్ట్రేటు జరిపే ప్రాథమిక విచారణలోనే ప్రాసిక్యూషన్ సాక్షులను నిందితుడి పక్షం ఎదురు ప్రశ్నించడం. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 208వ సెక్షను ఈ హక్కునిచ్చింది. ఒకే సాక్షి రెండు కోర్టుల్లో బోనెక్కవలసి రావడం, జాప్యం కారణంగా 1973 కోడ్ ఈ దశను ఎత్తివేసింది. నిందితుడు కోల్పోయింది తక్కువేమీ కాదు: జ్ఞాపకం తాజాగా ఉండగానే సాక్షి తొలి మాటను ప్రమాణం మీద పరీక్షించే అవకాశం. ఇప్పుడు హత్య జరిగితే, మేజిస్ట్రేటు ఛార్జిషీటు నకళ్లు నిందితుడికి ఇప్పించి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 232వ సెక్షను కింద కేసును సెషన్స్ కోర్టుకు అప్పగిస్తారు, సాక్షులను పిలవరు. ప్రైవేటు ఫిర్యాదుతో మొదలైన వారంటు కేసుల్లో మాత్రం అభియోగానికి ముందే సాక్ష్యం నమోదవుతుంది. అక్కడ నిందితుడికి క్రాస్ చేసే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది.